రాక్‌ల మీద మంచం

విజయవాడ,
శనివారం మధ్యాహ్నం.

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ నేను, వేదశ్రీ బాగానే ఉన్నాం. మీరూ ఆ సైటులో వేళకు తిని, వేళకు పడుకుంటున్నారనే అనుకుంటున్నాను. బాగానే ఉన్నాం అన్న మాట నా వరకు ముప్పాతిక నిజం. మిగతా పాతిక కోసమే ఈ ఉత్తరం. ఇప్పటికి రెండుసార్లు మొదలుపెట్టి, మధ్యలో లేచి వెళ్ళి, బిగించిన స్క్రూలే మళ్ళీ బిగించి వచ్చాను. ఇది మూడోసారి.

ముందు మీరు అడిగినవి. స్టవ్ బాగుచేయించాను. మా కాలేజీలో పరీక్షలు అయిపోయాయి. వేదకి లెక్కలు ఫరవాలేదు, చేతిరాత మాత్రం అచ్చం మీదే, కాబట్టి నన్నేమీ అనకండి. ఇక, "ఏడేళ్ళ పిల్లకి అంత ఎత్తు మంచం దేనికి, మామూలుది కొనొచ్చుగా" అని రాశారు. కొన్నాం కదండీ. దాని మీద ఉతికిన బట్టలు పడుకుంటున్నాయి. పిల్ల మాత్రం పుస్తకాల రాక్‌ల మీదకెక్కి పడుకుంటోంది. వరద తర్వాత ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు అట్టపెట్టెల్లో పలకలుగా వస్తే, మీరు కాగితంలో బొమ్మలు చూసి బిగించారే, ఆ మూడడుగుల రాక్‌లు. రెండో అంతస్తుకి నీళ్ళు రావే అంటే, "రావులే అమ్మా" అని నాకే ధైర్యం చెప్పి మళ్ళీ పైకెక్కుతుంది. పోయిన నెల అక్కణ్ణుంచి పడి పెదవి చిట్లింది. బడిలో పడిందని మీకు చెప్పాను. అది చిన్న అబద్ధం.

ఎక్కొద్దంటే వినదు కాబట్టి, పడకుండా చూడటమే దారి అనుకున్నాను. నాలుగు రాక్‌లూ ఖాళీ చేశాను. మీ పుస్తకాలు భద్రంగా ఉన్నాయి, గాభరా పడకండి. వీధి చివర వడ్రంగి జాన్ పాల్‌ని డ్రిల్లు అడగబోతే, ఆయనే వచ్చి పలక అంచు గోటితో గీరి చూసి పెదవి విరిచాడు.

"ఇది చెక్క కాదు మేడమ్ గారూ, రంపపు పొట్టు. ఊడదీసిన చోట మళ్ళీ స్క్రూ పట్టదండి."

"మరెలాగండీ?"

"ఊడదీయొద్దు. నాలుగింటినీ వీపుకి వీపు ఆనించి బోల్టులేద్దాం. పైన గట్టి ప్లైవుడ్డు ఒకటి పరిస్తే, బరువు నాలుగింటికీ పంచుద్ది."

బోల్టులు ఆయనే వేశాడు. లోపలి అరలు తీసి, పిల్ల పడకుండా పైన చుట్టూ అడ్డంగా నేను బిగించాను. వదులైన కన్నాల్లో అగ్గిపుల్లలు, జిగురు కుక్కి స్క్రూ ఎక్కించడం నేర్చుకున్నాను. మూడు రోజులు కాలేజీ నుంచి రాగానే కొంగు దోపి ఇదే పని. చేతులు ఆగితే ఆలోచనలు మొదలవుతాయని ఆగలేదు. వేద పక్కనే కూర్చుని అగ్గిపుల్లలు అందించింది. ఈ ఎత్తు సరిపోతుందా అని అడిగితే, "అటకంత ఉంటే బావుండేది. సర్లే" అంది.

ఇక ఆ పాతిక సంగతి. ఇది ఫోనులో చెప్పలేను. దాని చెవి ఎప్పుడూ నా ఫోను దగ్గరే ఉంటుంది.

వరదప్పుడు మీరు కొండపల్లిలో ప్లాంటులో ఇరుక్కుపోయారు. నాలుగో రోజు వచ్చి ఎక్కడున్నారని అడిగితే, ఆ పాతింట్లో ఇద్దరం అటక మీదే ఉన్నాం, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను అన్నాను. మీరది అందరికీ గొప్పగా చెప్పుకున్నారు. నేను అటక మీద లేనండీ. నీళ్ళు గుమ్మం దాటగానే దాన్ని పైకెక్కించి, నేనొచ్చేదాకా దిగకు అని చెప్పి, స్కూటరు ఫ్లైఓవరు మీద పెట్టి రావడానికి వెళ్ళాను. వీధిలో అందరూ అదే చేస్తున్నారు. పది నిమిషాల పని అనుకున్నాను. తిరిగొచ్చేసరికి మా వీధి మొదట్లోనే గొంతుదాకా నీళ్ళు. అక్కడున్నవాళ్ళు నన్ను పట్టుకుని ఆపేశారు. పడవ దొరికేసరికి ఐదు గంటలైంది. ఐదేళ్ళ పిల్ల ఆ చీకటి అటక మీద ఒక్కతే, నేను చెప్పినట్టే దిగకుండా కూర్చుంది. స్కూటరు కోసం దాన్ని వదిలి వెళ్ళాను. ఈ ఒక్క వాక్యం రాయలేకే ఇందాకటి నుంచి లేచి తిరుగుతున్నాను.

మీకు ఆ అబద్ధం చెబుతుంటే అది నా మొహంలోకి చూసింది. తర్వాత ఎవరడిగినా నాకంటే బాగా చెబుతోంది. బడిలో టీచరుకీ, మీ అమ్మగారికీ, "అమ్మ నాకు జడ వేసింది, కథ చెప్పింది" అని కొత్తవి చేర్చి మరీ చెబుతోంది. నేను పక్కనే నిలబడి వింటాను.

ఈ పొద్దున పరుపు పరిచాం. ఎక్కి, అడ్డపలకలు ఊపి చూసుకుని, గోడ వైపు జరిగింది.

"నువ్వూ ఎక్కమ్మా."

"నా బరువుకి ఆగుతుందంటావా?"

"జాన్ పాల్ అంకుల్ ఆగుద్దన్నాడుగా. నువ్వెక్కితే మనం నాన్నకి చెప్పింది నిజమైపోద్ది."

ఎక్కాను. మోకాళ్ళు ముడుచుకుంటే తప్ప పట్టలేదు. జడ వేయమంది, వేశాను. కథ చెప్పమంది, చెప్పాను. "ఇప్పుడు నిజమేగా?" అంది. కాదు తల్లీ, నాన్నకి ఉన్నదున్నట్టు రాసేస్తాను, ఇంక నువ్వు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. దాని మొహం తెల్లబోయింది.

"వద్దమ్మా, నాన్న నిన్ను తిడతాడు. నేను చెబుతాలే. బాగానే చెబుతున్నాగా."

ఏవండీ, ఈ ఉత్తరం అందగానే సిగ్నల్ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి ఫోను చేయండి. ముందు దాన్ని పిలవండి. అమ్మ అంతా రాసేసింది, నువ్వింక ఏమీ దాచక్కర్లేదు అని మీ నోటితో చెప్పండి. నేను చెబితే నమ్మడం లేదు. నన్ను అనాల్సినవి ఉంటే, దాన్ని ఆడుకోవడానికి కిందికి పంపించాక ఫోను తీసుకుంటాను.

ఇట్లు,
ఇంకా మీ అర్ధాంగినే అనుకుంటున్న
శ్రీలలిత