మిడత దూలం దిగింది

ప్రియమైన నా బంగారు తల్లికి,

నాన్న ఆశీస్సులు. అక్షరాలు గెంతుతున్నాయి. వయసుకి కాదు, సంతోషానికి! నీ కూతుర్ని, మన మిడతని, విజిల్ మాస్టారు పెద్ద పోటీల జట్టులోకి తీసుకున్నాడు. అవునమ్మా, ఆ జిమ్నాస్టిక్స్ హాల్లో నిన్ను దూలం మీంచి దింపినవాడే. ఒక్క వేసవిలో జానెడు ఎదిగావని, "దూలం విరుగుతుంది, దిగవే గున్న ఏనుగా" అని అందరి ముందూ అన్నవాడే.

ముగ్గురు ఆడపిల్లలుంటే గాని జట్టు కట్టనివ్వరట. వాడి దగ్గర పనికొచ్చేవాళ్ళు ఇద్దరే. మూడోది మనది! మొన్న ఆదివారం షాపుకొచ్చి, గడ్డానికి నా కుర్చీలో తల వెనక్కి వాల్చి, "పెద్దాయనా, మీ మనవరాల్ని మాత్రం మానిపించకండి. నా పరువు దాని చేతుల్లో ఉంది" అన్నాడు. మెడ మీద నా కత్తి, నోట్లో నా మనవరాలి మాట! నాకు నవ్వాగలేదు, నురగ వాడి ముక్కులోకి పోయింది.

అది కప్పు గెలవాలి. నిండిన హాల్లో నేను లేచి, "ఇది ఆ గున్న ఏనుగు కూతురయ్యా" అని అరవాలి. ఆ ఒక్క కేక కోసమే బతికున్నాను తల్లీ.

నువ్వు నా దగ్గర వదిలి వెళ్ళిన పిల్ల చాలా కులాసా. రెండు చేతులూ సమంగా రావాలని కాబోలు, ఈమధ్య ఎడం చేత్తో చెంచా పట్టి తింటోంది, దొరసాని! ఒప్పుకోలు కాగితం ఇందులో పెట్టాను. సంతకం చేసి వెంటనే పంపు. అల్లుణ్ణి అడిగానని చెప్పు.

ఆనందం పట్టలేని,
నీ నాన్న

—

ప్రియమైన నాన్నకి,

నమస్కారం. సంతకం పెట్టలేదు. కోప్పడకుండా చదువు.

నేను ఎముకల వార్డులో నర్సుని నాన్నా. కుడిచేతి వాటం పిల్ల ఎడం చేత్తో తింటోందంటే నాకు దొరసాని కనబడదు, కుడి మణికట్టు కనబడుతుంది. రేపే డాక్టరుకి చూపించు.

ఇంకో మాట. అది గెలిస్తే ఏమవుతుంది? పేపర్లో ఫోటో పడుతుంది. దాని భుజం మీద చెయ్యి ఎవరిది? ఆ మాస్టారిది. "నా శిష్యురాలు" అంటాడు. వెనక వరసలో నువ్వు కేక వేస్తే, ఎవరో తాత సంబరపడుతున్నాడనుకుంటారు. పగ తీర్చుకోబోయి ఆయనకే పీట వేస్తావు.

నాకు కోపం లేదనుకోకు. ఇప్పటికీ ఎక్కడైనా విజిల్ వినబడితే నా వెన్ను దానంతటదే నిటారవుతుంది. ఆ తర్వాత ఒళ్ళు మండుతుంది. నన్ను దింపిన ఏడాదంతా మన షాపులో అద్దాలు చూడలేక దొడ్డిగుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చినదాన్ని. ఈ పగ నాది, నేను మోస్తాను. దాన్ని పిల్ల మణికట్టు మీద పెట్టకు.

జట్టులో ఉండాలో మానాలో పిల్లనే అడుగు. అడిగాక మధ్యలో మాట్లాడకు. నీకు అదే కష్టం.

ప్రేమతో,
నీ పొడుగు కూతురు

—

ప్రియమైన తల్లీ,

నువ్వన్నదే నిజం. ఎముకలో వెంట్రుకంత చీలిక. కట్టు కట్టారు. "ఎందుకే చెప్పలేదు?" అంటే, "మాస్టారికి చెప్పాను తాతయ్యా. నొప్పి తెలిసేవాళ్ళు ఇంట్లో కూర్చోవచ్చు అన్నారు. జట్టు పోతే నువ్వు ఏడుస్తావని నీకు చెప్పలేదు" అంది. నేను ఏడవలేదు. పళ్ళు నూరాను.

అడిగి, నోరు మూసుకున్నాను. చాలాసేపు గోళ్ళు కొరుక్కుంది. "పిల్లిమొగ్గలు ఇష్టమే. పోటీలు వద్దు. ఆయనకి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు" అంది. విన్నావా! నిన్ను దింపారు. ఇది తనంతట తనే దిగుతోంది! ఎగిరి గంతేశాను, నడుం పట్టేసింది.

ఎప్పటిలాగే ఆదివారం వాడు గడ్డానికి వస్తాడు. పిల్లని షాపులోనే ఉండమన్నాను.

ఆదివారం ఎప్పుడా అని చూస్తున్న,
నాన్న

—

ప్రియమైన నాన్నా,

పిల్ల మాటకి అడ్డు రాకు. కత్తి చేతిలో ఉన్నంతసేపూ నన్ను తలుచుకోకు.

భయంతో,
నీ కూతురు

—

ప్రియమైన నా బంగారు కొండా,

తలుచుకున్నాను!

వాడి ముఖం నిండా నురగ. మన మిడత కట్టు కట్టిన చేత్తో కుర్చీ పక్కన నిలబడి, "సార్, నేను మానేస్తున్నాను" అంది. బెంచీ మీదవాళ్ళు పేపర్లు దించారు.

"మానేస్తావా? వచ్చే వారమే పోటీ! జట్టు ఏమైపోవాలి?"

"ఇద్దరితో కట్టుకోండి సార్."

"పిరికిదానివి! నీలాంటివాళ్ళని ఎంతమందిని దింపానో తెలుసా?"

"నన్ను దింపక్కర్లేదు సార్. నేనే దిగాను."

అబ్బ, ఆ మాటకి నా కడుపు నిండిపోయింది తల్లీ! అప్పుడు నేనడిగాను. "మీరు దింపినవాళ్ళలో మా అమ్మాయి ఉంది. గున్న ఏనుగు అన్నారు. గుర్తుందా?"

"ఏ ఏనుగు పెద్దాయనా? అలా చాలామందిని అన్నాను" అన్నాడు.

ఇన్నేళ్ళ పనిలో నా చెయ్యి ఎప్పుడూ జారలేదు. ఆ క్షణాన జారింది. జారిందనే రాస్తున్నాను, ఎలా చదువుకుంటావో నీ ఇష్టం. వాడు మురిపెంగా పెంచుకున్న మీసంలో కుడి సగం నురగతో సహా కత్తికి వచ్చేసింది. నెత్తురు చుక్క లేదు, పనితనం పనితనమే!

"ఈ ఇంటివాళ్ళు ఇక మీకు గుర్తుంటారు లెండి" అన్నాను. అద్దంలో చూసుకుని, తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని, నా తువ్వాలుతో సహా పరుగు!

జట్టు ఇక లేనట్టే. మణికట్టు సంగతి విని, మిగతా ఇద్దరు పిల్లల్ని కూడా వాళ్ళ అమ్మలు వేరే హాలుకి మార్చేశారు. వాడి పాట్లు విను. ఊళ్ళో కత్తి పట్టినవాళ్ళంతా నా దగ్గర నేర్చినవాళ్ళే కదా, ఏ షాపుకెళ్ళినా "మొదలుపెట్టినాయన దగ్గరే పూర్తి చేయించుకోండి సార్" అంటున్నారట. సొంతంగా గీసుకుందామంటే, విజిల్ పట్టడం తప్ప ఆ చేతులకి ఇంకో పని రాదు.

ఇవాళ పొద్దున్నే మన మెట్ల దగ్గర నిలబడ్డాడు. "తాతయ్యా, మాస్టారు వచ్చారు" అంది మిడత. "వరసలో కూర్చోమను" అన్నాను.

ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. షాపులో ఇంకెవరూ లేరు. నేను తీరిగ్గా నీకు ఈ ఉత్తరం రాసుకుంటున్నాను. ఇంకో రెండు పేజీలు రాయాలని ఉంది.

తొందరేమీ లేని,
నీ నాన్న