తలూపిన గన్నర్

అయ్యా,

ఫిరంగి దళంలో పనిచేసి చెవుడు వచ్చిందనీ, పరిహారం ఇప్పించమనీ మీరు పెట్టుకున్న అర్జీ అందింది. విచారణకు మూడుసార్లు ఫోన్ చేశాం. మీరు ఎత్తలేదు. పైగా, దళం నుంచి విడుదలైన రోజు "చెవులు బాగున్నాయా?" అని వైద్యుడు అడిగితే అవునన్నట్టు కాగితంలో ఉంది. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఫైలు మూసేస్తాం.

ఇట్లు,
పింఛను ఆఫీసు గుమాస్తా (కుమారి)

తా.క. అభ్యంతరం ఉంటే ఫోన్ చేసి చెప్పగలరు.


అమ్మా, గుమాస్తా గారికి దీవెనలు.

ఫోన్ మోగిన సంగతి మీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఆ రోజు డాక్టరుగారు కాగితం మీదికి వంగి ఏవో అడిగారు. పెదాలు కనబడలేదు. నా వెనక పెద్ద వరుస, అందరికీ ఇంటికెళ్లే తొందర. ఆయన తలెత్తినప్పుడల్లా నేను తలూపాను.

ఇట్లు,
గన్నర్

తా.క. ఇంకో ప్రశ్నకి కూడా తలూపాను. అదేమిటో చెప్పగలరా? ఇన్నేళ్లుగా తొలుస్తోంది.


అయ్యా,

చూశాను. "పుట్టుకతోనే చెవుడా?" అన్నది రెండో ప్రశ్న. దానికీ అవునన్నారు. చెవులు బాగున్న పుట్టుచెవిటివారిని ఏం చేయాలో మా రూల్సులో లేదు. పెద్ద సారు మాత్రం "పుట్టుచెవుడైతే ఫిరంగి ఏం చేసిందట?" అంటున్నారు. ఆ ఫిరంగి దగ్గర మీతో నిలబడినవారెవరైనా సాక్ష్యం రాస్తే ఫైలు బతుకుతుంది.

ఇట్లు,
గుమాస్తా

తా.క. ఇంట్లో ఫోన్ ఎత్తేవారెవరూ లేరా? ఫైలు కోసం అడగటం లేదు. మా గదిలో ఫోన్ పొద్దస్తమానం మోగుతుంది. ఒక్కటీ నా కోసం కాదు.


అమ్మాయ్,

నా పక్కన గుండు నింపేవాడు ఒక్కడే. నింపాక నా భుజం తట్టేవాడు, నేను పేల్చేవాణ్ణి. పదకొండేళ్లు మా మధ్య అదే మాట. కిందటి నెల పక్కింటావిడ చేత అతనికి నాలుగుసార్లు ఫోన్ చేయించాను. ఎత్తలేదు. పోయాడన్నమాట. మా ఆవిడా అన్నానికి భుజం తట్టే పిలిచేది. ఆమె పోయి రెండేళ్లు. ఇంక తట్టేవాళ్లెవరూ లేరు. ఫైలు మూసేయ్ తల్లీ.

ఉంటాను,
గన్నర్

తా.క. నా కుక్కర్ కూతలు లెక్కపెట్టేది కూడా పక్కింటావిడే. "మూడు వచ్చాయి" అని కాగితం రాసి గోడ మీంచి విసురుతుంది. ఆవిడ ఊరెళితే నా అన్నం మాడుతుంది.


బాబాయిగారికి నమస్కారం.

మూసేసిన ఫైళ్ల బీరువా తెరిచాను. మీ ఫైలు పెట్టబోయిన అరలో ఇంకొకటి. అదే ఫిరంగి, అదే చెవుడు. "నాకు సాక్షి పేల్చేవాడు ఒక్కడే. చూడటానికి వచ్చిన కోడలి చేత ఫోన్ చేయించాను. ఎత్తలేదు. పోయాడు" అని అందులో ఉంది. అదీ కిందటి నెలలోనే రాశారు.

రెండూ పెద్ద సారు ముందు పెట్టాను.

"పోయినవాళ్లిద్దరూ ఒకరికొకరు సాక్ష్యమా?" అన్నారు.

"మనం మూడుసార్లు ఫోన్ చేసి ఫైళ్లు చంపినట్టే, వాళ్లూ ఫోన్ చేసి ఒకరినొకరు చంపుకున్నారు సార్" అన్నాను.

రెండు ఫైళ్లూ తెరిపించాను. ఒకరికొకరు రాసి సంతకాలు పెట్టి పంపండి, చాలు. ఆయన చిరునామా ఈ కాగితం వెనక ఉంది. బస్సులో రెండు గంటలే.

మీ అమ్మాయి

తా.క. ముందుగా ఫోన్ చేయకండి. తలుపూ కొట్టకండి. తిన్నగా లోపలికెళ్లి భుజం తట్టండి.