పేలాలు విసిరిన చెయ్యి

గద్వాల,
శ్రావణ శుద్ధ తదియ

చి.సౌ. పద్మాబాయికి అమ్మ ఆశీస్సులు. నా కుడిచెయ్యి నయమైంది.

విరిగిన చేత్తో నేను నీకు కాన్పు చేయగలనా అని మీ అత్తగారు సందేహిస్తున్నారని రాశావు. ఎముక అతికాక, బలానికి ఉత్త విసుర్రాయి తిప్పమన్నాడు కట్టు కట్టిన సాయన్న. ఉత్తది తిప్పితే ఇంటికి అరిష్టమని నేను జొన్నలు పోసి తిప్పాను. చెయ్యి మళ్లీ వాచింది.

సాయన్న చూసి, "ఏందమ్మా, రొట్టెలకు గింత తొందరా? ఉత్తది తిప్పనంటే పేలాలన్న పొయ్యి, తేలికుంటది" అని నవ్వాడు. తొలి ఏకాదశికి పేలపిండి మొత్తం నేనే విసిరాను. తర్వాత పెసలు విసిరాను. ఇప్పుడు జొన్నలు విసిరినా నొప్పి లేదు.

నిన్న పక్కింటి తిమ్మమ్మ మనుమణ్ణి కాళ్లమీద వేసుకుని స్నానం చేయించాను. "పిలగాన్ని రుద్దుతున్నవా, బిందె తోముతున్నవా? జర మెల్లగ అక్కా!" అని తిమ్మమ్మ కేకలు పెట్టింది. ఈ మాట మీ అత్తగారికి చదివి వినిపించు.

నీ కాళ్లు వాస్తున్నాయా? అన్నం సహిస్తున్నదా? మెత్తని పాతచీరలు తెచ్చుకో, పొత్తిగుడ్డలకు నావి చాలవు. మంచిరోజు చూసి మీవాళ్లను రాయమను, మీ నాన్నగారు బండి కట్టుకుని వస్తారు. అత్తగారికి నమస్కారాలు. జోగులాంబ తల్లి మీ ఇద్దరినీ చల్లగా చూడాలి.

అమ్మ