రెండు గీతలు

మార్చి 3, ఉదయం 7

నాన్నకి స్ట్రోక్ వచ్చి పన్నెండు రోజులు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పోయింది, ఒక్కటి తప్ప. ఏమడిగినా ఎడమ చెయ్యి ఎత్తి "ఉదాహరణకు" అంటారు. అక్కడితో ఆగిపోతారు. ముప్పై మూడేళ్లు ఎకనామిక్స్ చెప్పి రిటైరైన ప్రొఫెసర్. ఉదాహరణ కోసం అందరం కాసేపు చూస్తాం. రాదు.

ఎడమ చెయ్యి బాగుంది. ఆయన రాసేది ఆ చేత్తోనే. అదృష్టం, అంది అమ్మ.

మార్చి 5

ముక్కులో ట్యూబ్ మళ్లీ పీకేశారు. మూడోసారి. నర్సు మొదట నన్ను తిట్టింది, తర్వాత ఆయన్ని. ఇంత చదువుకుని చంటిపిల్లాడిలా పేచీ పెడితే ఎలా తాతగారూ, అంది.

మింగలేకపోతున్నారు, పట్టిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి అన్నాడు డాక్టరు. ట్యూబ్ నిలవాలంటే చెయ్యి కట్టాలి. ట్యూబ్ లేకపోతే ఎన్నాళ్లని అడిగాను. ఎక్కువ రోజులు కాదన్నాడు. సంతకం నాది కావాలట.

ఉన్నది ఒక్క చెయ్యి.

మార్చి 6, మధ్యాహ్నం

స్పీచ్ థెరపిస్టు తెల్లబోర్డు తెచ్చింది. డాక్టరు కూడా వచ్చాడు. సార్, ట్యూబ్ పెట్టి చెయ్యి కట్టమంటారా అని గట్టిగా అడిగాడు, నాన్నకి చెవుడన్నట్టు. నాన్న పెన్ను తీసుకుని ఏటవాలుగా ఒక గీత గీశారు. దానికి అడ్డంపడేలా ఇంకోటి.

ఇంటూ మార్కు, వద్దంటున్నారు అన్నాడు డాక్టరు.

అమ్మ నవ్వింది, ఇన్ని రోజుల్లో మొదటిసారి. ఇంటూ కాదు నాయనా, అది డిమాండూ సప్లయీ, అంది. ఉల్లిపాయలు మండిపోతున్నాయంటే చాలు, సంచీ కింద పెట్టకుండానే ఈ బొమ్మ వేసి చూపించేవారట. నన్ను చూపించి, దీని పెళ్లి శుభలేఖ వెనక కూడా ఇదే గీశారు, ఇన్నేళ్లు కాపురం చేశాను, నాకు తెలీదా అంది.

నేను మళ్లీ అడిగాను. మళ్లీ అవే రెండు గీతలు. రెండుసార్లూ ఫోన్లో ఫొటో తీశాను.

నాకు తెలియదు. ఆయన క్లాసులో నేనెప్పుడూ కూర్చోలేదు. పంతానికి బోటనీ తీసుకున్నాను.

మార్చి 7

సంతకం పెట్టాను.

మార్చి 9

మెత్తటి గుడ్డతో కట్టారు. ముడి మంచం కమ్మీకి. ట్యూబ్ నిలిచింది. ముఖం తేటపడిందే, అంటోంది అమ్మ.

కట్టినప్పటి నుంచి "ఉదాహరణకు" రాలేదు. కొందరికి చెయ్యి లేస్తేనే మాట లేస్తుందట. థెరపిస్టు చెప్పింది. నాన్న నావైపు చూడటం లేదు. కిటికీ వైపు తిప్పితే కిటికీని, గోడ వైపు తిప్పితే గోడని చూస్తున్నారు.

మార్చి 12, సాయంత్రం 4

ఆయన పాత స్టూడెంట్ వచ్చింది. ఇప్పుడు తనూ లెక్చరరే. కట్టిన చెయ్యి చూసి, చూడనట్టు కుర్చీ జరుపుకుంది. అమ్మని నవ్వించాలనేమో, సార్ నాకు సున్నా వేశారు తెలుసా అక్కా అని నాతో మొదలుపెట్టింది. డిమాండు, సప్లయి గీతలు రెండూ చక్కగా గీసిందట. అక్షాలు మర్చిపోయింది. ధరకి నిలువు గీత, పరిమాణానికి అడ్డగీత, ముందు అవి వెయ్యాలి. ఇది బొమ్మ కాదమ్మా, కొట్టివేత అని పేపరు ఎత్తి క్లాసంతటికీ చూపించారట. గాల్లో వేలితో గీసినా సార్‌కి ముందు అక్షాలే అక్కా, అంది.

అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

సాయంత్రం 6

ఫొటోలు పెద్దవి చేసి చూశాను. మొదటి దాంట్లో రెండు గీతలు. రెండో దాంట్లో రెండు గీతలు. ఇంకేమీ లేవు.

శుభలేఖ ఎక్కడుందని అమ్మని అడిగాను. ఇప్పుడెందుకే, అంది. గ్లాసు కడిగి తెచ్చి, ముందు ఇంగ్లీషు ఎల్ లాంటిదేదో గీసేవారే, నేను దాన్ని పట్టించుకోలేదు అంది.

మార్చి 13, ఉదయం 6

కట్టు విప్పాను. బోర్డు మీద నిలువు గీత, అడ్డగీత నేనే గీసి ఆయన చేతి దగ్గర పెట్టాను.

చాలాసేపు చూశారు. నేను గీసిన రెండింటినీ అరచేత్తో తుడిచేశారు.

డాక్టరు తొమ్మిదింటికి రౌండ్స్‌కి వస్తాడు.