బుజ్జి పంటి సందు

బుజ్జి వాళ్ళమ్మకు,

నా దగ్గు తగ్గింది, బెంగపడకు. నిన్న షెడ్డుకి ఒక టర్బో కారొచ్చింది. పికప్ లేదు, నిలబెడితే ఇంజను వణుకుతోంది. ఇంజనులోకి గాలి నెట్టే ఆ టర్బోయే పోయిందన్నాడు మేస్త్రి. నాకు నమ్మకం కుదరక, రబ్బరు గొట్టం ముక్క ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసతో ఇంజను గాలి లాగే సన్నటి వాక్యూమ్ గొట్టాల వెంట వెతికాను. ఒక పగులు దగ్గర 'స్స్' మంది. అచ్చం ముందుపళ్ళు ఊడిన మన బుజ్జి "సెలవెప్పుడు నాన్నా?" అన్నట్టే! వేలితో మూస్తే ఇంజను కుదుటపడింది. మళ్ళీ వేలు తీసి వింటూ కూర్చున్నాను.

"దొరికిందిగా, ఇంకా ఏం వింటున్నావురా?" అని కసిరాడు మేస్త్రి. కొత్త గొట్టం వేశాక ఆ చప్పుడు ఆగిపోయింది.

నా నీలం చొక్కా పంపు. వంటింటి కిటికీ గడియ బాగుచేయించావా? బుజ్జికి ముద్దులు. పళ్ళు అప్పుడే మొలుస్తున్నాయా? నేనొచ్చేదాకా కాస్త ఆగమను.

బుజ్జి నాన్న