కొండకాలువకు అడ్డకట్ట

మిస్సిసాగా,
కెనడా,
జులై 2023.

ప్రియమిత్రుడు భీమారావుకు,

ఫోన్ చేస్తే "ఆఁ", "ఊఁ" తప్ప నీ నోట మాట రాదు. అందుకని ఎన్నేళ్ళకో కలం పట్టాను.

కెలోనా సరస్సు నుంచి కేంబ్రిడ్జ్‌లో మనవరాలి దగ్గరికి క్షేమంగా చేరావనుకుంటాను. పడవలో నువ్వు చేసిన పచ్చిపులుసును మా డాక్టర్ మిత్రులు ఇంకా తలుచుకుంటున్నారు. తెరచాప తాళ్ళు లాగడం మాకొచ్చు గానీ అన్నం వార్చడం ఎవరికొచ్చు!

ఒక చిక్కొచ్చింది. ఒకరోజు పడవను ఒడ్డున కట్టేసి, కొండమీద సాగునీటి కాలువ గట్టు వెంట నడిచాం గదా. ఆ రోజు ఎవరో రాళ్ళూ గడ్డిపెళ్ళలూ వేసి ఆ కాలువకు అడ్డకట్ట కట్టారట. నీళ్ళు గట్టు దాటి కింది చెర్రీతోట షెడ్డులో పడి, పళ్ళు సర్దే అట్టపెట్టెలన్నీ నానిపోయాయట. తోట యజమాని పడవ అద్దెకిచ్చినవాళ్ళని అడిగి నా అడ్రసు పట్టాడు. ఒక ముసలాయన మోకాళ్ళ దాకా బురదలో ఉండగా ఆయన పనివాళ్ళు చూశారట. ముసలాళ్ళం అందరమే గానీ బురదలో దిగేది నువ్వే. మేం పైదాకా నడిచొచ్చి చల్లటి బీర్లు తాగి దిగిపోయాం, నువ్వు వెనకే ఉండిపోయావు. ఏం చేశావక్కడ?

మీ చరిత ఉద్యోగానికి అడిగిన రిఫరెన్స్ గుర్తుంది. ఈ ఏడు ఎక్కడ చూసినా మన పిల్లలే, కాఫీ షాపు పనికి కూడా బారులు కడుతున్నారు. నేను రిటైరైనా మా క్లినిక్‌లో నా మాట లేకుండా నీ మనవరాలికి పని దొరకదు. నేనున్నాగా.

నీ చిన్ననాటి
అమరు

తా.క.: నా ఎర్ర టోపీ నీ సంచిలో గానీ వచ్చిందా?

---

కేంబ్రిడ్జ్.

డాక్టర్ అమరేశ్వరరావు గారికి నమస్కరించి భీమారావు రాయునది.

మీ ఉత్తరం అందింది. బురదలో దిగిన మాట నిజం. చేతులు పెట్టిన మాటా నిజం. పెట్టకపోతే ఇంకా నష్టమయ్యేది.

బీర్లు మంచిగ చల్లబడ్డయా?

చరిత సంగతి మీ దయ. గోదాముల రాత్రి షిఫ్టు చేసి పగలు కాలేజీల నిద్రపోతున్నది.

ఇట్లు
భీమారావు

తా.క.: టోపీ నా సంచిల లేదు. ఎక్కడుందో చూసిన. తర్వాత చెప్త.

---

మిస్సిసాగా.

భీమారావుకు,

చదివి నివ్వెరపోయాను. తప్పు చేశానంటూనే "బీర్లు చల్లబడ్డయా" అని దెప్పుతావా? మేం తాగుతుంటే నీకు ఒకటి ఇవ్వలేదనేగా? నువ్వు ముట్టవని అడగలేదయ్యా! ఆ మాట మనసులో పెట్టుకుని పరాయివాడి కాలువ మీద కక్ష తీర్చుకుంటారా ఎవరైనా?

ఆ యజమాని లాయర్ అంటున్నాడు. నువ్వు విజిటర్ వీసా మీద ఉన్నవాడివి, పిల్ల స్టడీ పర్మిట్ మీద ఉంది. కాస్త ఆలోచించు. ఎందుకు చేశావో రెండు ముక్కలు రాయి, నేను సర్దిచెబుతాను.

అమరేశ్వరరావు

తా.క.: ఈ కవరుతో పాటు ఒక బీరు సీసా పార్సిల్ చేయబోతే పోస్టాఫీసులో ఒప్పుకోలేదు. నీకు ఒకటి బాకీ అనుకో.

---

కేంబ్రిడ్జ్.

డాక్టర్ గారికి నమస్కారాలు.

నేను తాగను. కోపం లేదు.

మన ఊరి కాలువల పుచ్చకాయలు పెట్టేవాళ్ళం, యాదికున్నదా? రాళ్ళు అడ్డం పేర్చి, సందులల్ల గడ్డిపెళ్ళలు కుక్కి, మడుగు చేసి, అందుల ముంచేవాళ్ళం. సాయంత్రానికి కాయలు పళ్ళు జివ్వుమనేటంత చల్లగయ్యేవి. తిన్నంక కట్ట తియ్యకపోతే కాలువ చూసే నీరుకట్టు మనిషి తన్నేవాడు. మీరు ఎప్పుడూ తియ్యకుంట ఉరికేవాళ్ళు. నేను తీసేవాణ్ణి. అందుకే దొరికేవాణ్ణి.

ఇంతకంటె రాసుడు నాతోని కాదు.

ఇట్లు
భీమారావు

తా.క.: చరిత రిఫరెన్స్?

---

మిస్సిసాగా.

శ్రీ భీమారావు గారికి,

ఇప్పుడు అర్థమైంది. చిన్ననాటి అలవాటు కొద్దీ ముచ్చటపడి కట్టావన్నమాట! ఆ ముక్క మొదటే రాస్తే పోయేది. కెనడా కాలువలో పుచ్చకాయలు లేవు, నీకు బుద్ధీ లేదు.

యజమాని అడిగితే, పడవలో వంటకు పెట్టుకున్న మనిషివని రాశాను. నువ్వూ అదే రాయి. కట్ట కట్టింది నేనే, డాక్టర్లకు ఏ సంబంధమూ లేదు అని. అడ్రసు ఇందులో పెట్టాను. ఆ ఉత్తరం కాపీ నా చేతికొచ్చాకే రిఫరెన్స్ మీద సంతకం. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

డా. అమరేశ్వరరావు
రిటైర్డ్ కార్డియాలజిస్ట్

తా.క.: టోపీ సంగతి తర్వాత చెప్తానన్నావు. దాన్ని కూడా నీళ్ళలో కలిపావా?

---

కేంబ్రిడ్జ్,
ఆగస్టు.

అమరూ,

నువ్వు చెప్పినట్టే రాసి పంపిన. నేను తెలుగుల చెప్పిన, చరిత ఇంగ్లీషుల రాసింది. కట్ట కట్టింది నేనే అన్న. వంటమనిషిని అన్న. కాపీ ఇందుల ఉన్నది.

తోటాయన దగ్గరి నుంచి జవాబు వచ్చింది. చరిత చదివి వినిపించింది. ఎలుగుబంట్లు వస్తయని కాలువ పక్క చెట్టుకు కెమెరా కట్టిండట. నా ఉత్తరం అందినంక దాన్ని తీసి చూసిండట. ఎర్ర టోపీ పెట్టుకున్నాయన రాళ్ళు పేర్చి, గడ్డి కుక్కి, మడుగుల సీసాలు ముంచిండట. పైకి పోయొచ్చి సీసాలు తీసుకొని పోయిండట, కట్ట వదిలేసి. అటెంక నేను దిగి రాళ్ళు తీసుడు మొదలుపెట్టినట. అప్పటికే నీళ్ళు గట్టు దాటినయి.

మొదటి ఉత్తరంలనే చెప్పాల్సింది. నువ్వే యాది చేసుకుంటవని ఊకున్న.

అది విన్న కానుంచి చరిత నాతోని సరిగ మాట్లాడుతలేదు. నీ సంతకం వద్దంటున్నది. దానిది కోపం వచ్చే వయసు. నాకు ఆ వయసు పోయింది. అడిగిన పని చేసిన, నువ్వు సంతకం చెయ్యి.

తోటాయన కేసు పెట్టడట, డబ్బులూ వద్దట. ఒక్కటే అడిగిండు. చెయ్యని పని ఎందుకు మీదేసుకున్నవు, ఆ టోపీ ఆయన నీకేమైతడు అని.

ఒకే బడి, ఒకే పలక, ఒకే కాలువ అని రాద్దామని చరితను కూసోబెట్టిన. వంటమనిషినని మొన్ననే రాయిస్తివి గదా. మాట మారుస్తే నీకు చిన్నతనం. మళ్ళ లేపి పంపిన.

కాగితం అట్లనే ఉన్నది. ఏమైతవని రాయమంటవు?

ఇట్లు
భీమారావు

తా.క.: గట్టు మీద దొరికిందని టోపీ ఆయనే నాకు పంపిండు. నా తలకు సరిపోయింది. ఇది కూడా నాదే అని ఒప్పుకోవాల్నా?