ఇద్దరు మోసే తొట్టి

ఏవండీ,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేమిటని నవ్వకండి. నోటితోనే చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. పొద్దున మీరు బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి నేను ఆసుపత్రి లాండ్రీకి బయలుదేరుతుంటాను. గుమ్మంలో మీరు చెప్పులు విప్పుతుంటే నేను తొడుక్కుంటుంటాను. ఆ కాసేపట్లో "పాలు కాచి పెట్టాను" అనగలను గాని మనసులో ఉన్నది చెప్పలేను. పైగా నా గొంతు సంగతి మీకు తెలిసిందే, పక్కనున్న మనిషికే వినపడదు. అందుకే కలం పట్టాను. ఇంటికి రాగానే మీరు ముందు చేతిలోకి తీసుకునేది చేపల మేత డబ్బా కాబట్టి, ఈ కాగితాలు దాని కింద పెడుతున్నాను.

పాత గాజు తొట్టి మూల నుంచి నీళ్లు కారడం మొదలయ్యాక, చేపల్ని టబ్బులోకి మార్చి, కొత్తది కొనడానికి ఆదివారం ఇద్దరం షాపుకి వెళ్లాం కదా. ఎన్నాళ్లకో కలిసి నడుస్తున్నామని లోపల్లోపలే సంబరపడ్డాను. మీరు ముందు, నేను వెనక. అదైనా చాలనుకున్నాను. షాపాయన రెండు రకాలూ చూపించాడు. "గాజుదైతే బరువండీ. కానీ ఏళ్ల తరబడి మసకబారదు, అంత తొందరగా గీత పడదు. అక్రిలిక్ అంటే గట్టి ప్లాస్టిక్ లాంటిది, తేలిక, దెబ్బ తగిలినా పగలదు, కానీ గరుకు గుడ్డ పెట్టి తుడిచారంటే గీతలే గీతలు. మీది పై అంతస్తు, లిఫ్టు లేదంటున్నారు. పట్టడానికి మనుషులున్నారా?" అని అడిగాడు.

"ఎవరూ లేరు, నేనొక్కణ్ణే. ఒక్కడు మోసేదే పంపండి" అన్నారు మీరు.

నేను మీ వెనకే నిలబడి ఉన్నాను. మేత పొట్లం ఒకటి తీసి, దాని మీద రాసింది చదువుతున్నట్టు నటించాను. ఒక్క అక్షరం కంటికి ఆనలేదు.

చలికాలం మొదట్లో మీరు పరుపు పక్క గదిలోకి మార్చుకున్నారు. నిద్ర చాలడం లేదన్నారు. సెలవు రోజుల్లోనూ అక్కడే పడుకుంటున్నారు, తలుపు వేసుకుని. నేను ఎందుకని అడగలేదు. మొన్న మీ చెల్లెలు ఫోన్లో "వదినా, అన్నయ్య నీతో కంటే చేపలతోనే ఎక్కువ మాట్లాడతాడట కదా!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ నిజం కాదా? ఆ పొట్ట చేపకి 'మేనేజరు' అని పేరు పెట్టి, "ఏం మేనేజరుగారూ, రాత్రి నిద్ర పట్టిందా?" అని మీరు అడగడం తలుపు దాటుతూ రోజూ వింటూనే ఉన్నాను. ఆ ప్రశ్న నన్నడిగి ఎన్నాళ్లయిందో.

లాండ్రీలో పెద్ద దుప్పట్లు ఇద్దరం ఎదురెదురుగా నిలబడి మడిచేవాళ్లం. నా జోడీ మానేశాక, ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి ఒక్కదాన్నే మడవడం నేర్చుకున్నాను. ఇంట్లో కూడా అలాగే అలవాటు పడతాననుకున్నాను. పడలేకపోయాను.

అందుకని నిన్న డ్యూటీ దిగి షాపుకెళ్లి, అక్రిలిక్ వద్దు, గాజుదే పంపమని చెప్పాను. పెళ్లయ్యాక మీ మాట దాటడం ఇదే మొదలు. ప్రార్థనలో కూర్చుని ముందుగా దేవుడికే చెప్పుకున్నాను. ఆయన ఊరుకున్నాడు. ఊరుకున్నాడంటే సరేనన్నట్టే అనుకున్నాను.

మీ సెలవు రోజు పొద్దున వ్యాను వచ్చి తొట్టిని మెట్ల కింద దించిపోతుంది. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రెండో వైపు పట్టమని నన్ను పిలవండి. మీరు పక్కింటాయన్ని పిలుచుకుంటే నాకు అర్థమైపోతుంది. ఇక ఏమీ అడగను.

మీ ఆవిడ

ఏవండీ,

నిన్న జరిగిందంతా మీకూ తెలుసు. నా వైపు నుంచి ఎలా కనబడిందో మాత్రం తెలియదు కదా. అందుకే మళ్లీ రాస్తున్నాను.

"ఇలా రా, ఆ చివర పట్టుకో" అని మీరు పిలిచినప్పుడు నా చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకోకుండానే వచ్చేశాను. మధ్యలో గాజు, దానికటు మీ ముఖం. మిమ్మల్నే చూస్తూ ఎక్కాను.

"మెట్టు చూసి ఎక్కవే!" అని కసిరారు. ఆ కసురు కూడా ఎంత బాగుందో.

మలుపు దగ్గర మీ పెదవులు పాలిపోయాయి. తొట్టి మీ వైపు వాలిపోసాగింది. "దించు, దించు" అన్నారు. దించాక మీ కుడి చెయ్యి భుజం నుంచి జీవం లేనట్టు వేలాడింది. నేను దగ్గరికొస్తే గోడ వైపు తిరిగారు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"చలికాలం నుంచి. పిండి బస్తా ఎత్తుతుంటే పట్టేసింది."

"నాకు చెప్పొద్దూ?"

"చెబితే నన్ను పని మానిపించి నువ్వు డబుల్ డ్యూటీకి ఎక్కుతావు. నీ నడుం సంగతి నాకు తెలీదా? నిద్దట్లో మూలుగుతున్నానని ఆ గదిలోకి పోయాను. ఒక్కడు మోసేది అడిగిందీ నిన్ను పట్టమనకూడదనే."

"మరి నా ఉత్తరం చదివాక కూడా ఈ బరువెందుకు ఎత్తారు?"

"పిలవకపోతే ఇక ఏమీ అడగనని రాశావుగా. అంత మాటన్నాక ఎత్తక చస్తానా?"

ఖాళీ తొట్టికి అటు మీరు, ఇటు నేను మెట్ల మీద కూర్చుండిపోయాం. చలికాలమంతా మీ సెలవు రాత్రుల్లో గోడకి ఇటు నేను కళ్లు తుడుచుకుంటూ, అటు మీరు దిండు కొరుక్కుంటూ. మధ్యలో ఉన్నది ఒక్క గోడే కదండీ. నేను గట్టిగా ఒక్క మాట అడిగి ఉంటే వినపడేది.

షాపాయన విసుక్కుంటూనే గాజుదాన్ని వెనక్కి తీసుకుని, సాయంత్రానికి అక్రిలిక్ తొట్టి పంపాడు. "చూడు, ఎడం చేత్తో ఎత్తేస్తా" అన్నారు మీరు. నేను రెండో చివర పట్టుకున్నాను. ఇద్దరు పట్టేంత బరువు లేదది. ఒకరి అడుగు ఒకరికి అడ్డం. అయినా ఇద్దరిలో ఎవరమూ వదల్లేదు.

మేనేజరుగారు కొత్త తొట్టిలో అప్పుడే మూలమూలా తనిఖీ చేస్తున్నారు. గీతలు పడకుండా మెత్తబడిన పాత దుప్పటి ముక్కతో నేనే తుడుస్తాను, మీరు ముట్టుకోకండి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సెలవు పెట్టాను. పరుపు ఇంకా పక్క గదిలోనే ఉంది. దానికి తొందరేం లేదు. తలుపు మాత్రం మూయకండి. మూలుగు వినపడితే వినపడనివ్వండి.

ఈ కాగితాలు పారేయకుండా మీ బట్టల అడుగున దాచుకోండి. ఎవరికీ చూపించకండి. మీ చెల్లెలికి అసలే వద్దు.

మీ ఆవిడ